కంటికి రెప్ప... మళ్లీ వస్తుంది!

కీమోథెరపీ అనగానే అందరికీ గుర్తొచ్చేది ఊడిపోయే జుట్టే. దానికి మనసును ఎలాగోలా సిద్ధం చేసుకుంటారు కూడా. కానీ ముందుగా ఎవరూ చెప్పకపోవడంతో చివర్లో చెప్పాపెట్టకుండా వెళ్లిపోయేవి కొన్నున్నాయి... కనుబొమలూ, కనురెప్పల వెంట్రుకలూ! గుండును సైతం తట్టుకున్నవారు ఈ దశలో అద్దం ముందు నిలబడలేకపోతారు. అసలు అవెందుకు రాలతాయి? ఎప్పటికి తిరిగొస్తాయి? ఈలోపు ఏం చేయొచ్చు?

హిందీ సీరియళ్లు చూసేవారికి హీనాఖాన్ పరిచయమే. రొమ్ము క్యాన్సర్ మూడో దశలో ఉన్నట్టు 2024లో ఆమే బయటపెట్టింది. జుట్టు రాలకముందే కత్తిరించుకుని ఆ వీడియోనూ అభిమానులతో పంచుకుంది. అదే ఏడాది అక్టోబరులో, కీమో ఆఖరి విడత దగ్గరపడుతుండగా మరో ఫొటో పెట్టింది. అందులో ఆమె కంటికి మిగిలింది ఒకే ఒక్క వెంట్రుక! ఒకప్పుడు బారులు తీరి ఉన్న సైన్యంలో చివరిదాకా నిలబడ్డ ఒంటరి యోధుడంటూ దాన్ని అందరికీ పరిచయం చేసింది. పదేళ్లకు పైగా కృత్రిమ రెప్పల జోలికి పోని తాను ఇప్పుడు షూటింగుల కోసం వాటిని పెట్టుకుంటున్నాననీ చెప్పుకొచ్చింది.

అంతకు ముందు 2021 డిసెంబరులో, ‘ఈగ’, ‘అత్తారింటికి దారేది’ సినిమాల్లో కనిపించిన హంసానందిని గుండుతో ఉన్న ఫొటోతో తన క్యాన్సర్ సంగతి ప్రపంచానికి చెప్పింది. తారలు ఇలా ముందుకు రావడంతో ‘కీమో గుండు’ గురించి మాట్లాడటం కొంత తేలికైంది. రెప్పల గురించి మాత్రం ఇప్పటికీ పెద్దగా ఎవరూ మాట్లాడరు. ‘ప్రాణం దక్కితే చాలు, కనుబొమలదేముంది’ అనుకోవడమే దానికి కారణం. అలా అనుకోవడం ఎంత తేలికో, అవి లేకుండా నలుగురిలోకి వెళ్లడం అంత కష్టం.

గుండు మనకు కొత్త కాదు!

తిరుమల వెళ్లొచ్చినవారి గుండు చూసి మనం బెదిరిపోం. పైగా ‘దర్శనం బాగా అయిందా’ అని పలకరిస్తాం. కీమో గుండుకూ ఆ వెసులుబాటు ఉంది. పైట కొంగు కప్పుకోవచ్చు, స్కార్ఫ్ కట్టుకోవచ్చు, విగ్గు పెట్టుకోవచ్చు. అడిగినవారికి ‘మొక్కు’ అని చెప్పి తప్పించుకోవచ్చు. కానీ మొక్కు తీర్చుకోవడానికి కనుబొమలు ఎవరూ ఇవ్వరుగా! అవి లేని ముఖాన్ని చూడగానే ఎదుటివారికి అర్థమైపోతుంది, ఏదో జబ్బు చేసిందని. కూరగాయల కొట్టు దగ్గరా, పెళ్లి పందిట్లోనూ ఆ చూపుల్ని తప్పించుకోవడం కష్టం.

ముఖాన్ని గుర్తుపట్టడంలో కనుబొమల పాత్ర మనం అనుకునే దానికన్నా చాలా పెద్దది. అమెరికాలోని ఎంఐటీలో పనిచేసే మన దేశపు శాస్త్రవేత్త పవన్ సిన్హా, ఆయన సహచరులు 2003లో ఓ ఆసక్తికరమైన ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. ప్రముఖుల ఫొటోలు తీసుకుని కొన్నింటిలో కళ్లను, కొన్నింటిలో కనుబొమలను చెరిపేసి ‘వీళ్లెవరో చెప్పండి’ అని అడిగారు. కళ్లు లేని ఫొటోల్లో సుమారు 56 శాతం ముఖాల్ని గుర్తుపట్టినవారు, కనుబొమలు లేని ఫొటోల్లో 46 శాతాన్నే గుర్తుపట్టగలిగారు. అంటే, కళ్లకన్నా కనుబొమలు లేకపోతేనే మనిషిని పోల్చుకోవడం ఎక్కువ కష్టమైందన్నమాట. ‘అద్దంలో ఉన్నది నేను కాదేమో’ అని కీమో చేయించుకున్నవారు అన్నారంటే అది అతిశయోక్తి కాదు.

అసలు మన ముఖం మాట్లాడేదే కనుబొమలతో. కోపమొస్తే ముడిపడతాయి, ఆశ్చర్యపోతే పైకి లేస్తాయి. నాట్యశాస్త్రంలో భరతుడు కనుబొమల కదలికలకు ప్రత్యేకంగా ఏడు భేదాలు చెప్పాడు. మరి అవే లేకపోతే... నవ్వినా, చిరాకుపడినా ముఖం ఒకేలా ఉన్నట్టు అనిపిస్తుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే అమ్మ ముఖం చూసి తెల్లబోయేదీ అందుకే. మగవారికీ ఈ బాధ తప్పదు. వాళ్లకైతే కనుబొమలతో పాటు మీసమూ పోతుంది.

వీటికెందుకు శిక్ష?

క్యాన్సర్ కణం గుణం ఆగకుండా విభజన చెందడం. కీమో మందుల్లో చాలావరకు ఆ వేగాన్ని చూసే దెబ్బకొడతాయి. కానీ మన ఒంట్లో వేగంగా విభజన చెందే మంచి కణాలూ ఉన్నాయి. నోటి లోపలి పొర, పేగుల గోడలు, ఎముక మూలుగ, వెంట్రుకల కుదుళ్లు... ఇవన్నీ ఆ కోవలోవే. శత్రువుతో పాటు ఇవీ దెబ్బతింటాయి. అందుకే నోటిపూత, విరేచనాలు, రక్తకణాలు తగ్గడం, జుట్టు రాలడం.

అయితే అన్ని మందులూ ఒకేలా ఉండవు. రొమ్ము క్యాన్సర్‌కు ఎక్కువగా వాడే డాక్సోరూబిసిన్, పాక్లిటాక్సెల్, డోసిటాక్సెల్ లాంటివాటితో వెంట్రుకలు బాగా రాలతాయి. కొన్ని మందులతో కాస్త పలచబడతాయి. కొన్నింటితో దాదాపు ఏమీ కాదు. పక్కింటావిడకు రాలాయి కాబట్టి మనకూ రాలతాయనుకోనక్కర్లేదు. ‘నాకిచ్చే మందులతో కనుబొమలు పోతాయా’ అని మొదటి విడతకు ముందే డాక్టరును అడగొచ్చు. ఆ ప్రశ్న అడగడం సోకు కాదు.

ఆలస్యంగా ఎందుకు?

తలజుట్టు సాధారణంగా మొదటి కీమో తర్వాత రెండు, మూడు వారాల్లోనే రాలడం మొదలవుతుంది. కనుబొమలూ రెప్పలూ మాత్రం అప్పటికి బాగానే ఉంటాయి. ‘హమ్మయ్య, ఇవైనా మిగిలాయి’ అనుకుంటారు. తీరా చికిత్స ముగింపుకొచ్చాకో, కొందరికైతే ఆఖరి విడత అయిపోయిన కొన్ని వారాలకో అవీ రాలిపోతాయి. గండం గడిచిందనుకుని ఊపిరి పీల్చుకునే వేళ తగిలే ఈ దెబ్బకు చాలామంది కుంగిపోతారు. జబ్బు తిరగబెట్టిందేమోనని భయపడేవారూ ఉంటారు. అది జబ్బు కాదు, వెంట్రుకల జీవనచక్రం చేసే పని.

ప్రతి వెంట్రుకకూ పెరిగే కాలం, విశ్రాంతి కాలం, రాలే కాలం ఉంటాయి. తలమీద ఏ సమయంలో చూసినా 85 నుంచి 90 శాతం వెంట్రుకలు పెరిగే దశలోనే ఉంటాయి. ఆ దశ రెండు నుంచి ఆరేళ్ల దాకా సాగుతుంది. కాబట్టే జడ నడుము దాటుతుంది. రెప్ప వెంట్రుక పెరిగేది నాలుగు నుంచి పది వారాలే. ఆ తర్వాత నెలల తరబడి విశ్రాంతి. అందుకే అది సెంటీమీటరు దగ్గరే ఆగిపోతుంది.

కీమో మందు పెరిగే దశలో ఉన్న కుదుళ్లనే దెబ్బకొడుతుంది. తలమీద అత్యధికం ఆ దశలోనే ఉంటాయి కనుక ఒక్కసారిగా రాలతాయి. కనుబొమల్లో, రెప్పల్లో ఎక్కువభాగం నిద్రలో ఉంటాయి కనుక తొలిదెబ్బ తప్పించుకుంటాయి. కానీ వాటి గడువు తీరి అవి మామూలుగా రాలిపోయాక, ఆ చోట కొత్తవి మొలవాలిగా! మొలవబోయేవాటిని తర్వాతి విడతల్లో మందు ఆపేస్తుంది. పాతవి వెళ్లిపోతుంటాయి, కొత్తవి రావు. ఆ లోటు బయటపడేసరికి నెలలు గడుస్తాయి.

కీమో సమయంలో తలకు చల్లటి టోపీ పెట్టి జుట్టును కాపాడే పద్ధతి ఒకటుంది. అమెరికా ఎఫ్‌డీఏ అలాంటి యంత్రానికి 2015 డిసెంబరులో తొలిసారి అనుమతి ఇచ్చింది. చలికి మాడు దగ్గరి రక్తనాళాలు ముడుచుకుని మందు కుదుళ్లకు తక్కువగా చేరుతుంది. అయితే టోపీ కప్పేది తలనే. దాంతో జుట్టు నిలిచినవారికీ కనుబొమలూ రెప్పలూ పోవచ్చు.

అందానికే కాదు...

‘కంటికి రెప్పలా’ అన్న మాట మనవాళ్లు ఊరికే పుట్టించలేదు. నుదుటి చెమట కంట్లోకి జారకుండా పక్కకు మళ్లించేవి కనుబొమలు. దుమ్మూ ధూళీ, పురుగూ దగ్గరికి రాగానే రెప్ప మూసుకోమని హెచ్చరించేవి రెప్ప వెంట్రుకలు. అమెరికాలోని జార్జియా టెక్ పరిశోధకులు 22 రకాల క్షీరదాల కళ్లను కొలిచి 2015లో ఓ విషయం చెప్పారు. ఆ జంతువుల్లో రెప్ప వెంట్రుకల పొడవు కంటి వెడల్పులో సుమారు మూడో వంతు ఉంది. గాలి సొరంగంలో నమూనాలు పెట్టి చూస్తే సరిగ్గా ఆ పొడవు దగ్గరే కంటికి రక్షణ ఎక్కువ. కంటి తడి ఆరిపోవడం, కంట్లో దుమ్ము పడటం దాదాపు సగం వరకూ తగ్గాయి.

కాబట్టి రెప్పలు రాలినవారికి కళ్లు పొడిబారడం, మంట, ఎరుపు, ఊరికే నీళ్లు కారడం మామూలే. డోసిటాక్సెల్ వాడేవారిలో కొందరికి కన్నీరు బయటికి పోయే సన్నటి గొట్టాలు కుంచించుకుపోయి నీళ్లు ధారకడతాయి. దాన్ని తొందరగా గుర్తించి కంటి డాక్టరుకు చూపించాలి. ‘రెప్పలు లేక కారుతున్నాయిలే’ అని వదిలేయకూడదు.

తిరిగొచ్చేదెప్పుడు?

చాలామందికి కీమో ముగిసిన రెండు, మూడు నెలల్లో కనుబొమలూ రెప్పలూ కనిపించడం మొదలవుతాయి. కొందరికి ఆరు నెలలూ పట్టొచ్చు. మొదట నూగులా, లేతరంగులో వస్తాయి. వంకరగానో అక్కడక్కడ ఖాళీలతోనో ఉంటాయి. రెప్ప వెంట్రుక రోజుకు పెరిగేది 0.12 నుంచి 0.14 మిల్లీమీటర్లు. అంటే సెంటీమీటరు కావడానికి రెండు నెలల పైమాటే. రోజూ అద్దంలో చూసుకుంటే తేడా తెలియదు. వారానికోసారి ఒకే వెలుతురులో ఫొటో తీసుకుంటే తెలుస్తుంది.

ఇక్కడే ఇంకో మలుపు. వచ్చిన రెప్పలు కొన్ని నెలలకు మళ్లీ ఒక్కసారిగా రాలిపోవచ్చు! కంగారు పడొద్దు. మామూలుగా మన రెప్ప వెంట్రుకలు ఒక్కోటీ ఒక్కో దశలో ఉంటాయి కనుక రోజూ ఒకటో రెండో రాలినా తెలియదు. కీమో తర్వాత అన్నీ ఒకేసారి మొలుస్తాయి. ఒకే తరగతి పిల్లల్లా ఒకేసారి పెరిగి ఒకేసారి సెలవు తీసుకుంటాయి. ఇలా ఒకట్రెండుసార్లు జరిగాక నెమ్మదిగా ఎవరి దారి వారిదవుతుంది. ఈ ఒక్క సంగతి ముందే తెలిస్తే ఎన్నో నిద్రలేని రాత్రులు తప్పుతాయి.

అరుదుగా కొందరికి వెంట్రుకలు పూర్తిగా రావు. డోసిటాక్సెల్ వాడినవారిలో, మూలుగ మార్పిడికి పెద్ద మోతాదులో మందులు తీసుకున్నవారిలో, కనుబొమల దగ్గర రేడియేషన్ తగిలినవారిలో ఇలా జరగొచ్చు. కీమో తర్వాత ఏళ్ల తరబడి వాడే హార్మోను మాత్రలతోనూ కొందరికి వెంట్రుకలు పలచబడతాయి. అలాగని ఆ మాత్రలు సొంతంగా ఆపేయకూడదు. ఆరు నెలలు దాటినా మార్పు లేకపోతే చర్మవైద్యుల్ని కలవాలి. థైరాయిడ్ తక్కువగా ఉన్నా, రక్తంలో ఇనుము తగ్గినా ఎదుగుదల ఆగుతుంది. వాటికి చికిత్స తేలికే.

మందులున్నాయా?

గ్లకోమాకు వాడే ‘బైమాటోప్రోస్ట్’ అనే కంటిచుక్కల మందు 2001లో అమెరికాలో అనుమతి పొందింది. కంట్లో ఒత్తిడి తగ్గించుకోవడానికి వాడినవారికి రెప్పలు పొడవుగా, దట్టంగా పెరగడం కనిపించింది. దుష్ప్రభావం కాస్తా వరమైంది! పలచటి రెప్పల కోసం అదే మందును 2008 డిసెంబరులో ఎఫ్‌డీఏ అనుమతించింది. కీమో అయినవారిపైనా పరీక్షించారు, ఫలితం కనిపించింది. రోజుకోసారి పై రెప్ప అంచున రాయాలి. పూర్తి ఫలితానికి నాలుగు నెలలు పడుతుంది. మానేస్తే రెప్పలు మళ్లీ పాత తీరుకొస్తాయి. కళ్లు ఎర్రబడటం, రెప్పల చర్మం నల్లబడటం, కంటిపాప చుట్టూ రంగు మారడం లాంటి ఇబ్బందులున్నాయి. కాబట్టి ఎవరి ఇంట్లోనో ఉన్న చుక్కల సీసా తెచ్చుకుని వాడటం ప్రమాదం. క్యాన్సర్ డాక్టరు, కంటి డాక్టరు ఇద్దరూ సరే అంటేనే వాడాలి.

మినాక్సిడిల్‌ది మరో కథ. రొమ్ము క్యాన్సర్ బాధితులపై జరిగి 1996లో ప్రచురితమైన ఓ చిన్న అధ్యయనంలో అది జుట్టు రాలడాన్ని ఆపలేదు కానీ తిరిగి మొలవడాన్ని సగటున 50 రోజులు ముందుకు జరిపింది. అది తలజుట్టు మాట. కనుబొమలకు రాయాలంటే చర్మవైద్యుల సలహా తప్పనిసరి. కంట్లో పడకూడదు.

మరి మన ఆముదం? కనుబొమలకు రాస్తే చర్మం మెత్తబడుతుంది, ఉన్న వెంట్రుకలు నల్లగా నిగనిగలాడతాయి. కీమో తర్వాత కొత్తవాటిని మొలిపిస్తుందనడానికి మాత్రం ఆధారం లేదు. రెప్ప అంచున రాస్తే కంట్లోకి జారి మంట పుడుతుంది. జుట్టు కోసం చాలామంది మింగే బయోటిన్ మాత్రలతో ఇంకో చిక్కుంది. కొన్ని రక్తపరీక్షల ఫలితాల్ని అవి తారుమారు చేస్తాయని 2017 నవంబరులో ఎఫ్‌డీఏ హెచ్చరించింది. తరచూ పరీక్షలు చేయించుకునేవారు డాక్టరుకు చెప్పకుండా వాడకూడదు.

తక్కువ కావడమే కాదు, ఎక్కువైనా కష్టమే. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఇచ్చే ఎర్లోటినిబ్ లాంటి మాత్రలతో కొందరికి రెప్పలు విపరీతంగా పెరిగి, మెలితిరిగి కంట్లో గుచ్చుకుంటాయి. ఇంట్లో కత్తెర పట్టకుండా కంటి డాక్టరు దగ్గరికే వెళ్లాలి.

ఈలోపు ఇలా...

* కీమో మొదలవకముందే మేకప్ లేకుండా ముఖాన్ని దగ్గరగా ఫొటో తీసుకోండి. తర్వాత కనుబొమలు దిద్దుకోవడానికి అదే కొలత. బొట్టు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడానికీ అదే ఆనవాలు.

* దిద్దుకోవడానికి పెన్సిల్‌ను కొలబద్దలా వాడొచ్చు. ముక్కు అంచు నుంచి నిటారుగా పెడితే కనుబొమ మొదలు. ముక్కు అంచు నుంచి కంటిపాప మీదుగా పెడితే వంపు. కంటి చివరి మూల మీదుగా పెడితే ముగింపు. మూడుచోట్ల చుక్కలు పెట్టి, ఒకే గీతలా కాకుండా వెంట్రుకల్లా చిన్నచిన్న గీతలు గీయాలి. రంగు జుట్టుకన్నా కాస్త లేతగా ఉంటే సహజంగా కనిపిస్తుంది.

* పాక్లిటాక్సెల్ లాంటి మందులతో వేళ్లు తిమ్మిరెక్కి పెన్సిల్ పట్టు దొరకదు. అప్పుడు ఇంట్లోవాళ్లే దిద్దాలి. పసిపాపకు కాటుకతో కనుబొమలు దిద్దిన చేతులకు ఇదేమంత కష్టం కాదు!

* పచ్చబొట్టులా వేసే కనుబొమలు కావాలనుకుంటే కీమోకు కొన్ని వారాల ముందే, డాక్టరు అనుమతితోనే. చికిత్స జరుగుతుండగా తెల్లకణాలు తక్కువుంటాయి, చిన్న గాటుకూ చీము పట్టొచ్చు. థ్రెడింగ్‌కూ ఇదే వర్తిస్తుంది. కొత్త కనుబొమలు పూర్తిగా పెరిగేదాకా దారం తగలనీయొద్దు.

* కృత్రిమ రెప్పల జిగురు సున్నితమైన చర్మానికి పడకపోవచ్చు. తీసేటప్పుడు అప్పుడే మొలుస్తున్న వెంట్రుకలూ ఊడొస్తాయి. డాక్టరును అడిగాకే పెట్టుకోవాలి. రెప్ప అంచున మెత్తటి పెన్సిల్‌తో సన్నగా గీత గీసినా రెప్పలున్న భావన కలుగుతుంది. పాత కాటుక, మస్కారా పారేసి కొత్తవి వాడాలి, ఎవరితోనూ పంచుకోకూడదు. సీసం ఉండే సుర్మాలు అసలే వద్దు.

* ఎండలోకి వెళితే వెడల్పాటి చలువ కళ్లద్దాలు, బండి మీదైతే అద్దమున్న హెల్మెట్ పెట్టుకోవాలి. నుదుటికి నూలు పట్టీ కట్టుకుంటే చెమట కంట్లోకి రాదు. కళ్లు పొడిబారితే డాక్టరు సూచించిన కన్నీటి చుక్కలు వాడాలి.

ఇంట్లోవాళ్లూ... వింటున్నారా?

జుట్టు పోతుందన్న భయంతో కీమోకు వెనకాడేవారు, వాయిదా వేసేవారు లేకపోలేదు. చికిత్స వాయిదా పడితే నష్టం వెంట్రుకలతో ఆగదు. కాబట్టి ‘ఇంత జబ్బులో నీకు కనుబొమల గోలేమిటి’ అన్న మాట నోటిదాకా వచ్చినా మింగేయండి. ఆ బాధ అందం గురించి కాదు, అద్దంలో తనను తాను పోల్చుకోవడం గురించి. పిల్లలుంటే ముందే చెప్పండి... ‘అమ్మ మందు చాలా గట్టిది, అందుకే కొన్నాళ్లు అమ్మ కనుబొమలు కనిపించవు, తర్వాత వస్తాయి’ అని. తెలిసినదానికి పిల్లలు భయపడరు. దాచినదానికే భయపడతారు.

పలకరించడానికి వచ్చేవారూ ముఖంలోకి చూసి మాట్లాడితే చాలు, జాలిగా కళ్లు దించుకోనక్కర్లేదు. ఆఖరి కీమో అయిపోగానే ‘ఇక అంతా మామూలే’ అనేసి ఎవరి పనుల్లో వాళ్లు పడిపోవడం మనకు అలవాటు. రెప్పలు రాలేది సరిగ్గా అప్పుడే! మిగతా అందరూ వెళ్లిపోయాక వచ్చే ఆ రెండు, మూడు నెలలే తోడు ఎక్కువ కావాల్సిన సమయం. అవి మొలిచేదాకా... కంటికి రెప్పలా ఉండాల్సింది ఇంట్లోవాళ్లే.